ఆగస్టు 9కి సమోసాలు వద్దు, మన అనాస తెప్పిద్దాం



ఆగస్టు 9 మీటింగులో తినడానికి ఏం పెడదామని మూడ్రోజులుగా గ్రూపులో ఒకటే చర్చ. సమోసా, కూల్‌డ్రింక్ అని కొందరు, బిర్యానీ పొట్లాలని కొందరు. మేం నలుగురం ఇంకో మాట చెబుదామని ఇది రాస్తున్నాం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

మేం ఎంవీపీ కాలనీ వెనకాల ఒక గదిలో ఉంటాం. ఒకరిది హుకుంపేట వైపు, ఒకరిది జి.మాడుగుల వైపు, ఒకరిది డుంబ్రిగుడ, ఒకరిది సీతంపేట. ఇద్దరం యూనివర్సిటీలో చదువుతున్నాం, ఒకరు డీఎస్సీ కోచింగు, ఇంకొకరు చిన్న ఉద్యోగం. నలుగురి ఇళ్లలో భాష ఒకటి కాదు, కూర వండే పద్ధతీ ఒకటి కాదు. జూన్ వచ్చిందంటే నలుగురి ఇళ్ల నుంచీ వచ్చే సంచిలో మాత్రం అనాసపళ్లు తప్పకుండా ఉంటాయి.

పోయినేడు మా సీనియర్ అక్కకి ఉద్యోగం వచ్చి బీచ్ రోడ్డులో ఒక కేఫ్‌కి తీసుకెళ్లింది. మెనూలో పైనాపిల్ సల్సా అని ఉంది. ఏంటో చూద్దామని చెప్పాం. పిడికెడంత గిన్నె వచ్చింది. అందులో చిన్న చిన్న అనాస ముక్కలు, ఉల్లి, పచ్చిమిరప, కొత్తిమీర, నిమ్మరసం, పక్కన నాలుగు చిప్స్. రుచి బానే ఉంది, అబద్ధం చెప్పకూడదు. సీతంపేట చెల్లి ఒక ముక్క నోట్లో వేసుకుని "ఇది మా అమ్మ పొలంలో కూచుని తినేదే కదా" అంది. తర్వాత బిల్లు చూసి ఏమీ అనలేదు. సంతలో సాయంత్రం పూట వాళ్లమ్మకి ఒక తట్ట మొత్తానికి వచ్చే డబ్బు ఎంతో మా అందరికీ తెలుసు.

ఇంటికొచ్చాక ఆ సల్సా ఎక్కడిదో కూచుని చదివాం. అది మెక్సికో వాళ్ల తిండి. స్పెయిన్ వాళ్లు అక్కడికి రాకముందే అక్కడి మూలవాసులు మిరపకాయ, టొమాటో రాతిరోట్లో నూరుకుని తినేవాళ్లు. ఆ రోలుని మొల్కహేతే అంటారు, మూడు కాళ్లుంటాయి. ఫొటో చూస్తే మన ఇంటి రోలుకి దూరపు చుట్టంలా ఉంది. అజ్‌టెక్‌ల సంతల్లో రకరకాల మిరప పచ్చళ్లు అమ్మే ఆడవాళ్ల గురించి సహాగున్ అనే స్పెయిన్ పాదిరీ 16వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. తిండి వాళ్లది, సంత వాళ్లది. పేరు మాత్రం వచ్చినవాళ్ల భాషలో స్థిరపడింది. సల్సా అన్న మాటకి మూలం లాటిన్‌లో ఉప్పు వేసినది అని అర్థం, అంతే.

ఇంకో సంగతి మాకు భలే నచ్చింది. అనాస పండుది దక్షిణ అమెరికా. అనాస అన్న పేరు అక్కడి తుపీ ఆదివాసుల మాట. పోర్చుగీసు వాళ్ల నోట అది అనానాస్ అయి, ఓడలెక్కి మన దాకా వచ్చి, అనాస అయింది. టొమాటో కూడా మెక్సికో మూలవాసుల నహువాత్ల్ భాష మాటే, తొమాత్ల్ అనేవారట. అంటే మనం గదిలో కూచుని "అనాస, టొమాటో" అన్నప్పుడల్లా ఎక్కడో సముద్రం అవతలి మనలాంటి వాళ్ల మాట పలుకుతున్నాం. మిరపకాయ, జామ, బొప్పాయి, సీతాఫలం కూడా అటునుంచి వచ్చినవే. ఇవన్నీ మన కొండల్లో ఎంతగా కలిసిపోయాయంటే, సీతాఫలం బయటి పండు అంటే మా నాయనమ్మ కొట్టడానికి వస్తుంది.

సరే, ఇప్పుడు చేసే పద్ధతి. స్టవ్వు అక్కర్లేదు, గ్యాస్ అక్కర్లేదు. హాస్టల్ గదిలో వార్డెన్‌కి తెలియకుండా చేసుకోగలిగినది ఇదొక్కటే.

నలుగురికి ఒక మధ్యరకం అనాస చాలు. పండు ఎంచుకోవడం దగ్గరే సగం రుచి ఉంది. రంగు చూసి మోసపోవద్దు, కొన్ని రకాలు పండినా పచ్చగానే కనిపిస్తాయి. కింద, తొడిమ వైపు ముక్కు పెట్టి వాసన చూడండి. తియ్యటి వాసన వస్తే పండినట్టు, పులిసిన వాసన వస్తే దాటిపోయినట్టు. మామిడికాయలా గడ్డిలో పెడితే తియ్యబడేది కాదు అనాస. చెట్టు మీద ఎంత తీపి ఎక్కిందో అంతే, కోశాక మెత్తబడుతుంది గానీ తియ్యబడదు. సిటీ బజార్లో దొరికే పండు చాలాసార్లు చప్పగా ఉండడానికి ఇదే కారణం. లారీలో చెడిపోకూడదని ముందే కోసేస్తారు. ఇంటి దగ్గర నిన్న కోసి ఈ రోజు జీపులో దిగిన పండుకీ దానికీ పోలికే లేదు.

కళ్లు తీసేటప్పుడు ఒక్కొక్కటీ తవ్వుతూ కూచోవద్దు. చూడండి, అవి ఏటవాలుగా వరసల్లో ఉంటాయి. ఆ వరస వెంబడే కత్తితో సన్నటి కాలువ తీస్తే కండ వృథా కాదు. ఒక్కో కన్నూ ఒకప్పుడు ఒక్కో పువ్వు. వందకి పైగా పువ్వులు అతుక్కుపోయి ఒక పండవుతుంది. అడుగు భాగం ముందు పండుతుంది కాబట్టి అక్కడ తీపి ఎక్కువ, పైన పులుపు ఎక్కువ. రెండూ కలిసేటట్టు కోయండి. ముక్కలు చిన్నగా, చిటికెన వేలి గోరంత ఉండాలి. పెద్దవైతే అది పళ్ల ముక్కల గిన్నె అవుతుంది, సల్సా అవదు. ఈ విషయంలో డుంబ్రిగుడ అక్క మాట వినదు, పెద్ద పెద్దగానే కోస్తుంది. అందుకని కత్తిపీట ఆమెకి ఇవ్వం.

తర్వాత ఒక చిన్న ఉల్లిపాయ సన్నగా తరిగి, ఘాటు తగ్గడానికి చల్లనీళ్లలో ఐదు నిమిషాలు వేసి పిండేయాలి. గట్టి టొమాటో ఒకటి, గింజలు తీసేసి. పచ్చిమిరపకాయలు రెండు. మా జి.మాడుగుల చెల్లికైతే నాలుగు. కొత్తిమీర గుప్పెడు, కాడలతో సహా. నిమ్మకాయ ఒకటి, పండు బాగా పుల్లగా ఉంటే సగమే. ఉప్పు అర చెంచాతో మొదలుపెట్టి రుచి చూస్తూ వేసుకోండి.

ఇక్కడ మా సొంతం ఒకటుంది. ఇంటి మిరియాలు. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన తీగల నుంచి కోసి చాపమీద ఎండబెట్టినవి, ఎనిమిదో పదో తీసుకుని గ్లాసు అడుగుతో కచ్చాపచ్చాగా నలిపి వేస్తాం. పచ్చిమిరప కారం నాలుక మీద మండితే, మిరియం గొంతు దగ్గర వెచ్చగా తగులుతుంది. రెండూ ఉన్నప్పుడే తీపి బాగా తెలుస్తుంది. సీతంపేట చెల్లి చిన్న అల్లం ముక్క కూడా తురుముతుంది. వలిసెల పొడి చల్లి చూశాం, రుచి బానే ఉంది గానీ రంగు బురదలా అయింది. మళ్లీ చెయ్యలేదు.

అన్నీ కలిపి ఇరవై నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. ఉప్పు పండులోంచి నీళ్లు లాగుతుంది, ఆ రసంలో కారం, పులుపు అన్నిటికీ పాకుతాయి. రసం ఎక్కువైతే గ్లాసులోకి వంచి నీళ్లు కలుపుకుని తాగండి, అది ఇంకా బాగుంటుంది. అనాస తింటే నాలుక చీరుకుపోయినట్టు అవుతుంది కదా, అందులో బ్రొమెలైన్ అని ఒకటుంది, మాంసకృత్తుల్ని విడగొడుతుంది. మన పెద్దవాళ్లు ఉప్పు రాసి తినమనేది ఆ చురుకు తగ్గడానికే. పైగా ఉప్పు చేదుని అణిచి తీపిని పైకి తెస్తుంది. రాత్రికి దాచుకోవద్దు. ఉల్లి నీరుగారి వాసనొస్తుంది, ముక్క మెత్తబడిపోతుంది.

దేనితో తినాలంటే, చిప్స్ కొనక్కర్లేదు. కాల్చిన అప్పడం, చోడి రొట్టె, ఉడికించిన చిలగడదుంప, కర్రపెండలం, ఏదైనా సరే. ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు తెచ్చి వేయించినప్పుడు పక్కన ఇది పెట్టుకున్నాం. ఆ రోజు అన్నం ముందు అయిపోయింది. అనాస దొరకని నెలల్లో వేసవిలో సువర్ణరేఖ మామిడి కాస్త దోరగా ఉన్నది, చలికాలంలో జామ. సీతాఫలం మాత్రం పనికిరాదు, ముద్దయిపోతుంది.

పేరు దగ్గర మా గదిలో గొడవ ఇంకా తేలలేదు. ఇద్దరం సల్సా అనే అందాం అంటున్నాం. సల్సా అని బోర్డు పెడితేనే సిటీ ఫ్రెండ్స్ వచ్చి రుచి చూస్తారు, డబ్బులిస్తారు. మిగతా ఇద్దరూ ఒప్పుకోరు. "అనాస కారం అని పెట్టు, మా అమ్మ చేసినదానికి మళ్లీ ఇంకెవరి పేరో ఎందుకు" అంటారు. మెక్సికో వాళ్ల కథ చదివాక వాళ్ల వాదనే బలంగా ఉందని రాస్తున్న మాకే అనిపిస్తోంది. గ్రూపులో ఓటు పెట్టండి, చూద్దాం.

ఇక అసలు విషయం. మన ఇళ్లలో చింతపండు, తేనె, కుంకుడుకాయ ఉంటే జీసీసీ ఉంది. 1956లో జీసీసీ పెట్టిందే షావుకార్ల చేతిలో మనవాళ్లు మోసపోకుండా. హెడ్డాఫీసు ఈ విశాఖలోనే ఉంది. దానికి ముందు సోలెడు ఉప్పుకి బుట్టెడు చింతపండు ఇచ్చేసిన కథలు మన తాతలు చెప్పగా విన్నవాళ్లం మనం. కానీ అనాస అడవిలో ఏరుకున్నది కాదు, వాలు మీద మనం నాటి, గొప్పు తవ్వి పండించినది. నాటిన ఏడాదిన్నరకి గానీ కాపుకి రాదు. వచ్చినప్పుడు మాత్రం అందరి ఇళ్లలో ఒకేసారి వస్తుంది, కోశాక నాలుగైదు రోజులకి మించి ఆగదు. సంతకి తట్ట నెత్తిన పెట్టుకుని దిగిన అమ్మకి పొద్దున్న ఒక ధర, మధ్యాహ్నం ఒక ధర. సాయంత్రం జీపు బయల్దేరే వేళకి ధర అనేదే ఉండదు. తిరిగి కొండెక్కించలేదు కాబట్టి ఎంతిస్తే అంతకి ఇచ్చేసి వస్తుంది. కొన్నవాడికి ఈ సంగతి తెలుసు, అందుకే సాయంత్రం దాకా ఆగుతాడు.

బైలడిలా ఇనుప ఖనిజం పోర్టుకి దిగడానికి మన అరకు కొండల్ని తొలిచి రైలు మార్గం వేశారు. మన పళ్లు దిగడానికి ఇప్పటికీ జీపు వెనకాల తాడే. ఇది ఎవర్నో తిట్టడానికి రాయడం లేదు, కిరండూల్ పాసింజర్‌లో ఇంటికెళ్లేటప్పుడు పక్క లైన్లో గూడ్స్ ఆగి ఉంటే మాకు ప్రతిసారీ తోచే మాట.

సీతంపేట చెల్లి ఇంట్లో ఈ ఏడు లెక్క ఇంకా ఇబ్బందిగా ఉంది. తమ్ముడు ఇంటర్ అయిపోయి డిగ్రీకి ఇక్కడికే రావాలి. వచ్చేదీ రానిదీ ఈ రెండు నెలల పళ్ల మీదే ఉంది. వాళ్లమ్మ ఫోన్లో ఆ మాట చెప్పదు, "పళ్లు పంపనా, తింటారా" అని మాత్రం అడుగుతుంది. ఊరికే పంపిస్తుంది. మేం ఊరికే తింటున్నాం.

కాబట్టి మేం చెప్పేది ఇదీ. ఐక్యరాజ్యసమితి 1994లో మన రోజుగా ప్రకటించిన ఆగస్టు 9 సరిగ్గా అనాస కాలంలోనే వస్తుంది. ఆ రోజు అరవై మందిమి అనుకుంటే, పండు నలుగురికి చొప్పున పదిహేను పళ్లు కావాలి. చెడినవి తీసేయడానికి ఇంకో మూడు. సమోసాలకి అనుకున్న డబ్బు తీసి ఈ పద్దెనిమిది పళ్లూ మన ఇళ్ల నుంచే కొందాం. "మనవాళ్లే కదా" అని ఉత్తినే తెప్పించొద్దు. ఎంవీపీ రైతు బజార్లో ఆ వారం పండు ఏ ధరకి అమ్ముతున్నారో చూసి, అదే ధర ఇంటికి ఇద్దాం. జీపు, బస్సు లగేజీ ఖర్చు విడిగా. అదే రోజు బయట స్టాల్ పెట్టి అమ్ముదామని కొందరన్నలు అంటున్నారు. దానికీ మేం సిద్ధమే, కానీ ముందు ఈ అరవై మందికి చేసి చూద్దాం. కుదిరితే వచ్చే నెల ఫ్రెషర్స్ డేకి స్టాల్ గురించి మాట్లాడుకోవచ్చు.

ఆగస్టు 7న గానీ 8న గానీ ఇంటి నుంచి విశాఖ వస్తున్నవాళ్లు కింద కామెంటులో ఊరు, పళ్లు ఎన్ని తేగలరో రాయండి. సీతంపేట నుంచి ఆరు ఇప్పటికే ఖాయం. పాడేరు వైపు నుంచి మిరియాలు, అల్లం ఎవరైనా తెస్తే సరిపోతుంది. కత్తిపీటలు రెండే ఉన్నాయి, ఇంకో మూడు కావాలి. పళ్లు కోయడానికి పొద్దున్న ఎనిమిదింటికల్లా మా గదికి వచ్చేవాళ్లు పేర్లు ఇవ్వండి. అన్నలూ, తమ్ముళ్లూ, మీరూ ఇవ్వొచ్చు. ఉప్పు, నిమ్మకాయలు మేం చూసుకుంటాం.