రేవులో నిలిచిన రాణి ఓడ

గత శీతకాలంలో తమ్ముణ్ణి చూడడానికి దుబాయ్ వెళ్ళినప్పుడు, రాషిద్ రేవులో నిలిచివున్న ఒక పాత నౌకను సందర్శించాము. దాని పేరు క్వీన్ ఎలిజబెత్ 2. స్కాట్లండ్‌లోని క్లైడ్ నదీతీరాన నిర్మితమై 1967లో జలప్రవేశం చేసిన ఈ నౌక, 2008లో యాత్రలు చాలించి ఇక్కడికి చేరింది. సుమారు పదేళ్ళు ఖాళీగా ఉండి, 2018లో హోటలుగా తలుపులు తెరిచింది.

తమ్ముడు ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ వెల్డింగ్ పని చేస్తున్నాడు. నౌకను చూపిస్తూ, “భాయిజాన్, కింద ఉక్కు, పై అంతస్తులు అల్యూమినియం. ఈ రెండూ మామూలు వెల్డింగుకు అతకవు. ఉప్పుతడిలో నేరుగా తగిలితే అల్యూమినియం తరిగిపోతుంది. నడుమ పొర ఉంచి బిగించాలి” అని వివరించాడు.

పైభాగం తేలిక కావడం వల్ల ఈ నౌక పూర్వపు రాణి నౌకలకంటే తక్కువ లోతు నీటిలో తేలేది. పొడవు 963 అడుగులైనా, 110 అడుగుల పనామా కాలువ లాకులలో పట్టేందుకు వెడల్పు 105 అడుగులకే పరిమితం చేశారు. అట్లాంటిక్‌ను వేగంగా దాటడానికీ, వెచ్చని సముద్రాలలో విహారానికీ ఒకే నౌక ఉపకరించాలన్నది నిర్మాతల యోచన.

మార్పు దానికి కొత్త కాదు. 1982లో ఫాక్లండ్స్ యుద్ధానికి సుమారు 3,000 మంది సైనికులను మోసింది. అందుకోసం హెలికాప్టర్లు దిగే వేదికలు అమర్చారు. 1986-87లో ఆవిరి యంత్రాలను తొలగించి తొమ్మిది డీజిల్ ఇంజన్లు పెట్టారు. సన్నని పొగగొట్టం అప్పుడే లావైంది.

పైన నడుస్తూ ప్రాణరక్షక పడవలు లేకపోవడం గమనించాము. “ఇక బయలుదేరే ఓడ కాదుగా” అన్నాడు తమ్ముడు. కొంతసేపటికి అసలు మాట బయటపెట్టాడు. రంజాన్ తరువాత అతని పని ముగుస్తుందట. “ఈ వయసులో ఊరికి వచ్చి ఏం చేయను భాయిజాన్?”

ముప్పై ఏళ్ళుగా పిల్లలకు సహనం గురించి బోధిస్తున్న మాకు, ఆ క్షణాన ఒక్క హితవూ నోటికి రాలేదు. ఎంత కూడబెట్టావని అడగడానికి మనసొప్పలేదు. చివరికి, “మదరసా గేటు తుప్పుపట్టి ఒరిగిపోయింది. ముందు దాన్ని నిలబెట్టు. తరువాత పెద్ద తరగతి పిల్లలకు సాయంత్రం గంటసేపు ఈ విద్య నేర్పు” అన్నాము.

అతడు నౌకవైపు చూస్తూ అడిగాడు: “గేటు ఉక్కుదా, మామూలు ఇనుమా?”