గేజి మీద రెండు గీతలు

మా ఇంట్లో నూనె చూసేది నేనే. వేరుశెనగ నూనె సంగతి కాదండీ, బండి ఇంజన్ ఆయిల్ సంగతి. మాది మైపాడు పక్కన చిన్న ఊరు. మా వారు రొయ్యల గుంటలకు మేత బస్తాలు తోలతారు. బండి పదిహేనేళ్లు దాటిన బొలెరో పికప్పు. ఆయన రాత్రి ఏ పదకొండుకో వచ్చి, తెల్లారకముందే లేచి పోతారు. ఆ మనిషికి బానెట్ ఎత్తి చూసే తీరిక ఎక్కడిది?

బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, ముందు మాట మీదికే పోయింది నా బుద్ధి. నువ్వుల నెయ్యే నూనె అయింది. తిలల నుంచి తైలం. సంస్కృతంలో స్నేహం అన్నా జిడ్డే. ఇనుముకీ ఇనుముకీ మధ్య ఒరిపిడి లేకుండా చేసేదానికి ఇంతకన్నా మంచి పేరేముంది!

చూడటం కష్టమేమీ కాదు. బండి చదునైన నేల మీద ఉండాలి. ఇంజన్ ఆపి ఓ పది నిమిషాలు ఆగితే పైనున్న ఆయిల్ కిందికి దిగుతుంది. గేజి లాగి, పాత గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీయాలి. రెండు గీతల మధ్య ఉంటే సరి. కింది గీత దాటి తగ్గితే ఇంజన్ అరుగుతుంది. అట్లాగని పై గీత దాటించి పోసినా చెరుపే, లోపల చిలికినట్టయి నురగ వస్తుంది. డీజిల్ బండిలో ఆయిల్ తొందరగా నల్లబడుతుంది. అది మసి, దానికి భయపడక్కర్లేదు.

పాల లెక్క రాసే క్యాలెండర్‌లోనే, ప్రతి ఆదివారం గడిలో ఆయిల్ మట్టం కూడా ఒక చిన్న గీతగా గీసుకుంటా. మొన్న కార్తీకంలో ఆ గీత రెండు వారాలు వరసగా పైకి పోయింది. ఎవరూ పోయకుండా ఆయిల్ ఎట్లా పెరుగుతుంది? గేజి వేలికి రాసుకుని చూస్తే నలుపు కాదు, పాలెక్కువైన టీ రంగు. రేడియేటర్‌లో నీళ్లు చూస్తే తగ్గున్నాయి.

మరుసటి రోజు పొద్దున్నే కావలికి లోడు. "బండి తీయొద్దండీ" అన్నా.

"ఏందే నువ్వు, మెకానిక్‌వా? మేత అందకపోతే రైతు ఊరుకుంటాడా?" అన్నారు.

నేను మాట్లాడలా. తాళం చెవి బొడ్లో దోపుకుని పడుకున్నా. పొద్దున పెద్ద రభసే అయింది. చివరికి 3,000 ఇచ్చి వేరే బండి మాట్లాడి పంపించారు. ఆ డబ్బులు నా చీటీ పాటకు దాచుకున్నవి.

మెకానిక్ పిల్లోడు వచ్చి గేజి చూసి, "అన్నా, హెడ్ గాస్కెట్ పోయింది. నీళ్లు ఆయిల్లో కలస్తా ఉండాయి. ఇట్లనే హైవే ఎక్కుంటే ఇంజన్ పట్టేసేది" అన్నాడు. మా వారు నా వైపు చూడలేదు. రెండు రోజులు మాటల్లేవు, మూడో రోజు సంచీ నిండా సపోటాలు తెచ్చి గట్టు మీద పెట్టి పోయారు.

ఆయిల్ మార్చేటప్పుడు దగ్గరే నిలబడి చూశా. వేడి మీదే దింపాలంట, మడ్డి కూడా జారిపోతుంది. మరీ కాగి ఉంటే మాత్రం చేతులు కాలతాయి. ఉప్పు గాలికి కింద డ్రెయిన్ బోల్టు తుప్పు పట్టి ఓ పట్టాన కదల్లేదు. వాషర్ కొత్తది వేశాడు. కొత్త ఫిల్టర్ రబ్బరుకు కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాడు. పోసింది 15 డబ్ల్యూ 40. డబ్ల్యూ అంటే వింటర్ అంట, చలిలో ఎంత పల్చగా పారుతుందో చెప్పే అంకె 15. మన నెల్లూరులో ఆ చలి ఎప్పుడొస్తుందో ఏమో! మా ఎండలకు పనికొచ్చేది 40, వేడెక్కినాక ఉండే చిక్కదనం.

దింపిన నల్ల ఆయిల్ డబ్బాలో పట్టి పెట్టా. పక్కింటి పెద్దాయన చెద పురుగులకు గుంజల మొదట్లో పోస్తానని అడిగాడు, ఇవ్వలా. వానొస్తే అదంతా కాలవలోకి, కాలవ నుంచి గుంటల్లోకి పోతుంది. రొయ్య చస్తే మేత ఎవరు కొంటారు? వాడిన ఆయిల్ కొనేవాడు ఇందుకూరుపేట షెడ్డుకు నెలకోసారి వస్తాడంట. అందాకా ఆ డబ్బా బట్టలుతికే బండ వెనకే ఉంటుంది.