చదవడమే నా కొలువు

ఈ సంవత్సరపు సంచికకు నా వృత్తి జీవితాన్ని గురించి నాలుగు మాటలు వ్రాసి పంపవలసిందని కళాశాల సంపాదకవర్గం వారు కోరారు. న్యాయవాది అనగానే నల్లకోటు, సాక్షులు, వాదోపవాదాలు విద్యార్థుల మనసులో మెదలడం సహజం. నా వృత్తిలో అవేవీ లేవు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థలో న్యాయవాదిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆ ఉద్యోగ కాలమంతటిలో న్యాయస్థానంలో నిలబడి ఒక్క మాటైనా పలికి ఎరుగను. నా పని చదవడం. మదుపు నిధులు ప్రజల సొమ్మును స్వీకరించే ముందు తమను గురించి తాము వెల్లడించవలసిన పత్రాలను ఆసాంతం చదివి, ప్రశ్నలు వేయడం. ఇక్కడ వ్రాసే అభిప్రాయాలు నావేగాని ఆ సంస్థవి కావని ముందుగానే మనవి చేస్తున్నాను. అక్కడి ఉద్యోగులు ఏ సభలో మాట్లాడినా తొలుత ఈ వాక్యం చెప్పడం ఆచారం. కొలువు వదిలినా ఆ అలవాటు నన్ను వదలలేదు.

మదుపు నిధి అంటే మనం మ్యూచువల్ ఫండ్ అని వ్యవహరించేదే. అనేకులు తలా కొంత పైకం వేస్తారు. ఆ మొత్తంతో ఒక నిర్వాహక సంస్థ వాటాలో, ఋణపత్రాలో కొంటుంది. లాభనష్టాలు మదుపుదారులవి, నిర్వహణకు ప్రతిఫలం సంస్థది. ఎప్పుడు కోరితే అప్పుడు సొమ్ము తిరిగి తీసుకొనే వీలున్న ఇట్టి నిధి అమెరికాలో మొట్టమొదట 1924లో బోస్టన్ నగరంలో వెలిసింది. 1929లో వాటాల విపణి కుప్పకూలి లక్షలాది కుటుంబాలు నష్టపోయిన పిమ్మట, 1933లోను, 1934లోను, 1940లోను వరుసగా చట్టాలు వచ్చాయి. నేను పనిచేసిన కమిషన్ 1934 చట్టం వలన ఏర్పడినది. మదుపు నిధులకు ప్రత్యేకించినది 1940 చట్టం.

ఈ చట్టాల వెనుక ఒక సిద్ధాంతం ఉన్నది. ప్రజల సొమ్మును కాపాడడానికి ప్రభుత్వం ముందు రెండు మార్గాలున్నవి. ఒకటి, ఏది మంచి మదుపో తానే నిర్ణయించి, మంచిదానికే అనుమతి ఇవ్వడం. అమెరికాలోనే కాన్సాస్ రాష్ట్రం 1911లో ఈ మార్గం త్రొక్కింది. మన దేశంలోనూ 1947 చట్టం ప్రకారం మూలధన జారీకి ప్రభుత్వాధికారి అనుమతి అవసరమయ్యేది. ఆ చట్టం 1992లో రద్దయింది. రెండవ మార్గం, మంచిచెడ్డల నిర్ణయాన్ని మదుపుదారుకే వదలి, ఆ నిర్ణయానికి కావలసిన నిజాన్ని పూర్తిగా చెప్పించడం. 1933లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఎన్నుకొన్నది ఈ రెండవదే. కనుకనే అక్కడి ప్రతి నిధి వివరపత్రం అట్టమీద, కమిషన్ ఈ పత్రాలను ఆమోదించనూ లేదు, నిరాకరించనూ లేదు, అట్లు ఆమోదించినదని చెప్పడం నేరమవుతుంది అని అచ్చువేయవలసి ఉంటుంది. ఒక నిధి శుద్ధ దండుగ అని నాకు తోచినా, ఆ మాట అనే అధికారం నాకు లేదు. దండుగకు కారణమైన సంగతులన్నీ పాఠకుడికి తెలిసేటట్లు వ్రాయించడం వరకే నా అధికారం.

పని జరిగే తీరు ఇది. క్రొత్త నిధిని చేర్చదలచిన సంస్థ పత్రం దాఖలు చేస్తే, మామూలుగా 75 దినాల తరువాత అది దానంతటదే అమలులోకి వస్తుంది. ఉన్న నిధిలో ముఖ్యమైన మార్పయితే 60 దినాలు. ఆ గడువులోగా మేము చదివి వ్యాఖ్యలు పంపాలి. సంస్థ తరఫు వకీళ్ళు సమాధానం వ్రాస్తారు. కొన్ని వాక్యాలు మారుస్తారు, కొన్నిటిని మార్చనవసరం లేదని వాదిస్తారు. పరిశీలన ముగిసి కనీసం 20 పనిదినాలు గడిచిన మీదట ఈ ఉత్తర ప్రత్యుత్తరాలు లోకానికి వెల్లడవుతాయి. కంప్యూటరు ఉన్నవారెవరైనా హైదరాబాదులో కూర్చుని కూడా వాటిని ఉచితంగా చదువుకోవచ్చు.

నేను మొదట చూచేది ఖర్చుల పట్టిక. 10,000 డాలర్లు పెట్టి, ఏటా నూటికి 5 వంతున రాబడి వస్తే, 1, 3, 5, 10 సంవత్సరాలలో ఖర్చుల క్రింద ఎంత పోతుందో ఉదాహరణగా చూపడం అక్కడ తప్పనిసరి. నూటికి 1 అంటే ఎంతటి చిన్న అంకె! కాని 10,000 డాలర్లు నూటికి 5 వంతున 20 ఏళ్ళు పెరిగితే సుమారు 26,530 అవుతాయి. ఖర్చులు పోను 4 వంతునే పెరిగితే సుమారు 21,910. తేడా 4,620 డాలర్లు. కొన్ని సంస్థలు మొదటి ఏడాదికి మాత్రమే రుసుములో రాయితీ ఇచ్చి, ఆ రాయితీ పదేళ్ళూ ఉన్నట్లు ఉదాహరణ కడతాయి. ఆ లెక్క సరిచేయించడం నిత్యకృత్యంగా ఉండేది.

ఆపైన పేరు. నిధి పేరు ఫలానా రకపు మదుపును సూచిస్తే, ఆస్తులలో నూటికి 80 వంతులు ఆ రకానికే వినియోగించాలన్న నియమం 2001లో వచ్చింది. 2023లో దానిని విస్తరించారు. తరువాతది నష్టభయాల జాబితా. దీనిని ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చడం చాలామందికి అలవాటు. చూడడానికి పద్ధతిగానే ఉంటుంది, కాని అన్నిటికంటె పెద్ద ప్రమాదం పదిహేనవ స్థానంలో దాగిపోవచ్చు. ప్రాముఖ్యాన్ని బట్టి పేర్చడం మేలని కమిషన్ సిబ్బంది 2019లో ప్రకటించారు. ఇక, ఇదివరకే జరిగిపోయిన నష్టాన్ని "జరుగవచ్చును" అని వ్రాయడం మరొక చమత్కారం. ఒక్క క్రియాపదం మార్చితే అబద్ధం నిజమవుతుంది.

ఈ చదువు నాకు న్యాయకళాశాలలో అబ్బినది కాదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాడిని. వకీలు, దస్తావేజు, హామీ, జామీను, రసీదు, జమ, ఖర్చు, బాకీ — కచేరీ వ్యవహారంలో తెలుగువాడు పలికే మాటలలో ఎన్నో ఉర్దూవాడికీ సొంతమే. అనుమానం కలిగిన ప్రతి ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో ముందు ఉర్దూలోకి, పిదప తెలుగులోకి తిప్పి చూచేవాడిని. "మూలధన పరిరక్షణకు అనుగుణంగా అత్యధిక వర్తమాన ఆదాయం" అని ఒక నిధి తన ఆశయం వ్రాసుకొంటుంది. దానిని మా అమ్మీతో చెప్పేటట్లు చెబితే "అసలు పోకుండా, వీలైనంత ఎక్కువ వడ్డీ" అవుతుంది. "రెండూ ఒక్కసారే ఎట్లా వస్తాయి బేటా?" అని ఆమె తప్పక అడుగుతుంది. ఆ ప్రశ్ననే మర్యాదగా, నియమాల సంఖ్యలతో సహా, వ్యాఖ్యగా వ్రాసి పంపేవాడిని. రెండు భాషలలోనూ అర్థం నిలవని వాక్యానికి మూలంలోనూ అర్థం లేదని అనుభవం మీద తెలుసుకొన్నాను.

ఈ పనిపై నాకింత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. మా తండ్రిగారు ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఉపాధ్యాయులు. తొంభైల దశకంలో పదవీ విరమణ చేసి, చేతికి వచ్చిన పైకంలో అధిక భాగాన్ని ఒక ప్రైవేటు ఫైనాన్సు సంస్థలో డిపాజిట్ చేశారు. దరఖాస్తు ఇంగ్లీషులో ఉన్నది. వెనుక పుట సంగతి అడిగితే, "అది రివాజు ప్రకారం ఉండేదే మాస్టర్ సాబ్, సంతకం ఇక్కడ" అన్నాడట ఏజెంటు. రెండేళ్ళకు ఆ సంస్థ తలుపులు మూతబడ్డాయి. తరువాత ఆ కాగితాన్ని నేను శ్రద్ధగా చదివాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అసలుకు హామీ లేదని, చెల్లింపు వాయిదా వేసే హక్కు సంస్థకున్నదని వెనుక పుటలో చీమతలలంత అక్షరాలలో ఉన్నది. కంటికి ఆనని చోట, తెలియని భాషలో చెప్పిన నిజం ఎవరికి చెప్పినట్లు? ఈ ప్రశ్న నా ఉద్యోగమంతటా నా బల్లమీదనే ఉన్నది.

దీనికి పూర్తి సమాధానం దొరికిందని చెప్పలేను. 1998లో కమిషన్, వివరపత్రంలోని ముఖ్యభాగాలు సరళమైన ఇంగ్లీషులో ఉండాలని నియమం చేసింది. 2009లో ముఖ్యాంశాలను కొద్ది పుటలలో కుదించిన సంగ్రహ పత్రానికి వీలు కల్పించింది. అవి మంచి సంస్కరణలే. అయినా 2008 సెప్టెంబరు 16న ఏమి జరిగింది? ఒక్కొక్క యూనిట్ విలువ 1 డాలరు వద్ద నిలుపదలచిన రిజర్వ్ ప్రైమరీ ఫండ్, లేమన్ బ్రదర్స్ దివాలాతో 97 సెంట్లకు దిగింది. నిలకడకు ప్రయత్నించినా సొమ్ము పోయే అవకాశం ఉన్నదన్న హెచ్చరిక ఆ తరహా నిధుల పత్రాలన్నిటిలోనూ ఉండవలసినదే. చూచినవారు కూడా దానిని రివాజుగానే భావించారు. చెప్పించడం వరకు చట్టం చేయగలదు. వినిపించడం దాని చేతిలో లేదు.

అట్లయితే ఈ పని వ్యర్థమా? కాదని నా నమ్మకం. పత్రాన్ని తప్పక చదివే పాఠకుడొకడు ఉన్నాడని తెలిసినప్పుడు, వ్రాసేవాడి కలం కొంత జాగ్రత్త పడుతుంది. చదవని లక్షలమంది బదులు ప్రభుత్వం ఒక పాఠకుణ్ణి జీతమిచ్చి నియమించింది. ఆ పాఠకుడు అలసిపోకూడదు, మొగమాట పడకూడదు, అర్థం కానిదాన్ని అర్థమైనట్లు తల ఊపకూడదు.

విద్యార్థులారా! మన దేశంలో సెబీకి 1992లో చట్టబద్ధమైన అధికారం లభించింది. మ్యూచువల్ ఫండ్ పథకాల పత్రాలు, ప్రమాదస్థాయిని చూపే రిస్కోమీటరు మీకూ అందుబాటులో ఉన్నవి. ప్రకటన చివర ఊపిరాడనంత వేగంగా చదివే హెచ్చరిక కూడ మీకు సుపరిచితమే. మీలో కొందరు న్యాయశాస్త్రం చదువుతారు, కొందరు వాణిజ్యం. ఏది చదివినా, మీ ఇంట పెద్దలు సంతకం చేయబోయే కాగితాన్ని ఒక్కసారి మీ చేతిలోకి తీసుకోండి. ఈ సొమ్ము ఎక్కడికి పోతుంది, నడుమ ఎవరికెంత ముడుతుంది, తిరిగి ఎప్పుడు ఎట్లా వస్తుంది — ఈ మూడింటికి జవాబు అందులో వెదకండి. దొరికినదాన్ని వారి భాషలో వారికి వినిపించండి. దొరకకపోతే, దొరికేదాకా కలం మూత తీయనివ్వకండి.