ఖంభాత్: రాతికి మెరుగు పెట్టే ఇళ్లు

గుజరాత్‌లోని ఆణంద్ నుండి ఖంభాత్‌కు వెళ్లే చిన్న రైలు పొగాకు చేలు, అరటి తోటల మధ్యగా సాగుతుంది. దాదాపు యాభై కిలోమీటర్ల దారి. ఊరి పేరుతోనే ఒక సింధుశాఖ ఉన్నది గనుక రైలు దిగగానే సముద్రం కనబడుతుందని మా పిల్లలు ఆశపడ్డారు. సముద్రమేదని అడిగితే అక్కడివారు ఒక పల్లపు అంచువరకు తీసుకువెళ్లి, కంటికి ఆనినంత దూరం పరచుకొన్న బూడిద రంగు బురదను చూపించారు. మహీ నది శతాబ్దాల తరబడి తెచ్చిన ఒండ్రు రేవును పూడ్చివేసింది. ఒకప్పుడు అరేబియా, పారశీకం, తూర్పు ఆఫ్రికా తీరాల ఓడలు లంగరు వేసిన చోట ఇప్పుడు కొంగలు తిరుగుతున్నాయి.

పదో శతాబ్దంలో అల్ మస్ఊదీ ఈ రేవును చూశారు. పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ బతూతా ఇక్కడికి వచ్చి, ఇళ్ల కట్టడంలోను మస్జిదుల నిర్మాణంలోను ఇది ఎంతో చక్కని నగరమని, నివాసులలో అధికులు పరదేశపు వర్తకులేనని రాసుకొన్నారు. ఆ వైభవంలో చాలా భాగం బురదతోనే పోయింది. మిగిలినవాటిలో ఒకటి అఖీఖు రాతిపని. మేము వెళ్లింది దానికోసమే.

మా ఇంట రెండేళ్లుగా రాళ్లకు మెరుగు పెట్టే ఒక చిన్న యంత్రం తిరుగుతున్నది. రబ్బరు పీపా, దాన్ని దొర్లించే రెండు కడ్డీలు, ఒక మోటారు, అంతే దాని నిర్మాణం. వికారాబాద్ వైపు పొలాలలో, గోదావరి ఇసుకమేటలలో పిల్లలు ఏరుకొచ్చిన రాళ్లను అందులో వేసి, నాలుగైదు వారాల తరువాత అద్దంలా తళతళలాడే గుళికలను తీయడం సెలవు దినాల సరదాగా మారింది. ఈ విద్యకు పుట్టిల్లు వంటి ఊరు మన దేశంలోనే ఉన్నదని తెలిసినప్పుడు చూడకుండా ఉండలేకపోయాము.

ముడిరాయి ఖంభాత్‌లో దొరకదు. భరూచ్ జిల్లా ఝగడియా సమీపంలోని రతన్‌పూర్ గుట్టల నుండి వస్తుంది. కోట్ల సంవత్సరాల నాటి లావా చల్లారి నల్లరాయిగా గట్టిపడినప్పుడు దానిలో మిగిలిన గాలిబుడగల ఖాళీలలోకి సిలికా కలిసిన నీరు ఇంకి, పొరలు పొరలుగా పేరుకొన్నదే అఖీఖు. ఆ లావా పరపు మన వికారాబాద్, తాండూరు దాకా వచ్చింది. అందుకే మా పిల్లలకు దొరికిన రాళ్లు రతన్‌పూర్ రాళ్లకు దూరపు బంధువులనవచ్చు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మ్యూజియంలో శాతవాహనుల కాలపు పూసలను చూసినవారికి, మన నేలమీద కూడా ఈ పని రెండు వేల ఏళ్ల కిందటే ఉండేదని తెలిసే ఉంటుంది.

రతన్‌పూర్ గుట్టమీద బాబా ఘోర్ దర్గా ఉన్నది. అబిసీనియా నుండి వచ్చిన ఆ పెద్దాయనే ఈ రాతి వ్యాపారాన్ని వృద్ధి చేశారని సిద్దీలు చెప్పుకొంటారు. పదహారో శతాబ్దం తొలినాళ్లలో ఈ ప్రాంతం గురించి రాసిన పోర్చుగీసు యాత్రికుడు బార్బోసా కూడా ఒక రకం రాయిని ఆయన పేరుతోనే పేర్కొన్నాడు. దర్గాలలో జరిగే ఆచారాల మంచిచెడ్డలు వేరే చర్చ. హబ్షా దేశపు ముస్లిం ఒకరి పేరు ఒక రాతికి స్థిరపడిపోవడం మాత్రం మాకు ఆసక్తి కలిగించింది.

గనిలో నుండి వచ్చినప్పుడు ఈ రాయి ఎర్రగా ఉండదు. మాసిన పసుపు, బురద గోధుమ రంగు. దాన్ని నెలల తరబడి ఎండలో ఆరబెట్టి, మట్టి కుండలలో పేర్చి, పిడకలు లేదా రంపపు పొట్టు సెగలో నెమ్మదిగా కాలుస్తారు. రాతిలోని ఇనుము తన తేమను కోల్పోయి ఎర్రబారుతుంది. మంట తొందరపడితే రాయి పగులుతుంది. తరువాత చెక్కుడు. మేము వెళ్లిన ఇంటి వరండాలో ఒక వృద్ధుడు నేలలో ఏటవాలుగా పాతిన ఇనుప మొన ముందు కూర్చుని ఉన్నారు. రాతిని ఆ మొనకు ఆనించి, గేదె కొమ్ముతో చేసిన సుత్తితో పైనుండి సుతారంగా కొడుతున్నారు. దెబ్బ సుత్తి తగిలిన చోట కాదు, మొన ఆనిన చోట పనిచేస్తుంది. పెచ్చు అక్కడి నుండి ఊడుతుంది. ఇనుప సుత్తి అయితే రాయి నలిగిపోతుందట. అమెరికా పురాతత్వవేత్త జొనాథన్ మార్క్ కెనోయర్ తన సహచరులతో ఇక్కడి పనివారి పద్ధతులను పరిశీలించి, సింధు నాగరికత నాటి పూసలు ఎలా తయారయ్యాయో వివరించారు. నాలుగున్నర వేల ఏళ్ల కిందట మెసపొటేమియాలోని ఊర్ రాజసమాధులలో ఉంచిన ఎర్రని పొడుగు పూసలు ఈ విద్య ఎరిగిన చేతులనుండి వెళ్లినవే. పూసల కార్ఖానా బయటపడిన లోథల్ కూడా ఇక్కడికి దూరం కాదు.

చెక్కిన రాయి సానచక్రం మీదికి, అక్కడినుండి మెరుగుకు వెళుతుంది. మెరుగు పెట్టడమే మాకు తెలిసిన విద్య గనుక మా కళ్లు దానికోసం వెదికాయి. పూర్వం తోలుసంచిలో పూసలు, అఖీఖు పొడి, కురువిందపు పొడి, నీళ్లు పోసి మూతి కట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని పదిహేను రోజుల దాకా అటూ ఇటూ లాగేవారట. ఇప్పుడు ఆ పనిని మోటారుతో తిరిగే డ్రమ్ములు చేస్తున్నాయి. చప్పుడు మా ఇంటి యంత్రం చప్పుడే, గొంతు మాత్రం పెద్దది.

మా అబ్బాయి పిడికిలికి మించిన ఒక రాతిని సంచిలో వెంట తెచ్చుకొన్నాడు. ఇంట్లో ఎన్నిసార్లు అడిగినా మేము దాన్ని పీపాలో వేయనివ్వలేదు. ఆ వృద్ధునికి చూపించి, ‘చాచా, దీన్ని డ్రమ్ములో వేస్తే మెరుస్తుందా?’ అని ఉర్దూలో అడిగాడు. ఆయన దాన్ని తిప్పి చూసి, ‘మెరుస్తుంది బేటా, ఒంటరిగా వేయకు. దీని చుట్టూ చిన్నరాళ్లు నిండుగా ఉండాలి. లేకపోతే ఇది దొర్లదు, పడుతుంది. పడితే పక్కవాటినీ కొడుతుంది, తానూ దెబ్బ తింటుంది’ అన్నారు.

పెద్దరాళ్లకు మెరుగు పెట్టాలనుకొనే పాఠకులకు ఆయన మాటే అసలైన సూత్రం. పీపాలో మూడింట రెండు వంతుల పైన రాళ్లు ఉండాలి. పెద్దది ఒకటి, మహా అయితే రెండు. మిగిలినవన్నీ గోలీకాయ పరిమాణం నుండి నిమ్మకాయ పరిమాణం వరకు కలగలుపుగా ఉండాలి. రాళ్ల పైవరుస కిందికి అందేటంత నీరు చాలు. అన్నీ ఒకే గట్టిదనం కలవై ఉండటం తప్పనిసరి. చాకు మొనతో గీస్తే అఖీఖు మీద గీత పడదు. తాండూరు బండ, షాబాదు బండ ముక్కలైతే గీత పడుతుంది, నిమ్మరసం చుక్కకు నురగ కూడా వస్తుంది. అవి సున్నపురాళ్లు. అఖీఖుతో కలిపి తిప్పితే వారం తిరిగేసరికి అవి బురదైపోతాయి.

సిలికాన్ కార్బైడ్ పొడి మొదట ముతకది, తరువాత మధ్యరకం, ఆపైన మెత్తనిది. చివరకు అల్యూమినియం ఆక్సైడ్ వంటి మెరుగు పొడి. ఒక్కొక్క దశకు సుమారు వారం. పెద్దరాయికి మొదటి దశ రెండు మూడు వారాలు కూడా పట్టవచ్చు, అక్కడ తొందర పనికిరాదు. మొదటి దశలో పోని గుంట చివరిదాకా పోదు. దశ మారినప్పుడల్లా రాళ్లను, పీపాను, మూతను బ్రష్షుతో కడగాలి. ముతక రేణువు ఒక్కటి మిగిలినా నెల రోజుల శ్రమ మీద గీత గీస్తుంది. కడిగిన బురదనీటిని వంటింటి తూములో పోయకూడదు, గొట్టంలో సిమెంటులా గట్టిపడుతుంది. బకెట్టులో తేర్చి, అడుగున దిగిన ముద్దను తడిగానే కవరులో మూటకట్టి చెత్తలో వేయాలి. దాన్ని ఎండనిచ్చి చీపురుతో ఊడ్చడం ఎందుకు ప్రమాదమో ఖంభాత్‌లో సానచక్రాల వీధి చూసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ వీధిలో ఇళ్ల ముంగిళ్లే కార్ఖానాలు. ఒక్కొక్క గుమ్మం దగ్గర ఒకటి రెండు చక్రాలు, వాటి ముందు ముక్కుకు జేబురుమాలు కట్టుకొన్న మనుషులు. పొడి రాయి చక్రానికి తగిలినప్పుడు లేచే తెల్లని ధూళి వారి కనుబొమలమీద, ఆరవేసిన బట్టలమీద, ఉయ్యాలమీద వాలుతున్నది. కంటికి కనబడే ధూళి అంత చెరుపు చేయదు, అది ముక్కులోనే ఆగిపోతుంది. కనబడనంత సన్నని సిలికా రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరి అక్కడ మచ్చలు కట్టిస్తాయి. ఊపిరితిత్తి క్రమంగా బిరుసెక్కుతుంది. దీనిపేరే సిలికోసిస్. ఏర్పడిన మచ్చను పోగొట్టే మందు లేదు, రాకుండా చూసుకోవడమే మార్గం. లక్షణాలు క్షయను పోలి ఉండటంవల్ల ఏళ్ల తరబడి క్షయకే మందులు వాడినవారున్నారు. ఈ జబ్బు ఉన్నవారికి క్షయ కూడా సులభంగా సోకుతుంది.

మేము కూర్చున్న ఒక ఇంట్లో మగవారు లేరు. భర్తను, మరిదిని ఈ దగ్గే తీసుకుపోయిందని ఆ ఇంటి ఖాలా చెప్పారు. ఇద్దరికీ నలభై దాటలేదు. ఆమె ఇప్పుడు పూసలు గుచ్చుతారు, చక్రం జోలికి వెళ్లరు. పెద్దకొడుకును బట్టల దుకాణంలో చేర్చారు. ‘చక్రం మీద కూలి ఎక్కువ. వాడు రోజూ అడుగుతాడు, నేను రోజూ కాదంటాను’ అన్నారు. మాకు టీ ఇచ్చే ముందు కప్పులను రెండుసార్లు కడిగారు. ధూళి అలవాటు చేసిన కడుగుడు అది.

నీళ్లు చిలకరించుకొంటూ రాస్తే ధూళి లేవదు కదా అని పక్కింటి యువకుణ్ణి అడిగాము. రాయి జారుతుందని, పని నెమ్మదిస్తుందని, లెక్క ముక్కల మీద గనుక ఆ నష్టం తమదేనని జవాబిచ్చాడు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ పనివారిని పరీక్షించి చాలా ఏళ్ల కిందటే ఈ జబ్బును గుర్తించింది. చట్టాలు కూడా లేకపోలేదు. 2025 దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో సిలికోసిస్ ఉండేది. ఆ చట్టం కరెంటుతో పని జరిగే చోట పదిమంది ఉంటేనే దాన్ని ఫ్యాక్టరీ అన్నది. తండ్రి, కొడుకు, తోడల్లుడు కలిసి గుమ్మంలో చక్రం తిప్పుకొంటే అది ఇల్లు. ఇంటికి తనిఖీదారు రాడు. ఇంట్లో చేసే పని అనగానే నీడపట్టున జరిగే సుఖమైన పని అనుకొనే మన అలవాటు ఇక్కడ నిలవలేదు. మా పీపాలో రాయి నీటిలో మునిగి, మూతకింద అరుగుతుంది, అందువల్లనే అది సరదా. అదే రాయి, అదే సిలికా.

అసర్ నమాజు జామా మస్జిదులో చేశాము. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో, 1325లో కట్టినట్లు శాసనం చెబుతుంది. విశాలమైన ఆవరణ, వరుసలు తీరిన స్తంభాలు. దక్షిణం వైపు ఆనుకొని ఉన్నది 1333లో మరణించిన వర్తకుడు ఉమర్ అల్ కాజరూనీ సమాధి. దాని పాలరాతి చెక్కడం చూసి తీరవలసినది. ఖంభాత్‌లో చెక్కిన ఇటువంటి సమాధి ఫలకాలు ఓడలెక్కి సుమత్రాలోని పాసై, జావాలోని గ్రెసిక్ వరకు వెళ్లాయి. అక్కడి తొలి ముస్లింల సమాధులపై ఈనాటికీ ఉన్నాయి.

మస్జిదు బయట అఖీఖు ఉంగరాలు, తస్బీహ్‌లు అమ్మే దుకాణాలున్నాయి. దైవప్రవక్త (స) ధరించిన వెండి ఉంగరానికి హబ్షా రాయి పొదిగి ఉండేదని హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. అది అఖీఖు కావచ్చునని వ్యాఖ్యాతలు కొందరన్నారు. ఆ ముచ్చటతో ధరించడంలో తప్పులేదు. దుకాణదారు మాత్రం ఈ రాయి దారిద్ర్యాన్ని పోగొడుతుందని, దిష్టి తగలనివ్వదని వరుసగా చెప్పుకొంటూ పోయాడు. అఖీఖు మహిమల గురించి వ్యాప్తిలో ఉన్న ఉల్లేఖనాలు బలహీనమైనవని హదీసు పండితులు ఏనాడో తేల్చారు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనివి. ఈ రాయి దారిద్ర్యాన్ని పోగొట్టేదైతే రెండు వీధుల అవతల దాన్ని అరగదీసేవారికి ముందుగా పోయి ఉండేది.

మేము ఉంగరం కొనలేదు. చెక్కుడు చేసే చాచా దగ్గరే సాన పట్టని ముడి ముక్కలు మూడు కిలోలు, ఆయన చెప్పిన ధరకే, బేరమాడకుండా తీసుకొన్నాము. వారి ఊపిరితో పనిలేకుండా నీళ్లలో మేమే మెరుగు పెట్టుకొనే రాళ్లు అవి. తూకం వేశాక ఆయన మరో నాలుగు చిన్నరాళ్లు సంచిలో వేసి, మా అబ్బాయి పెద్దరాతికి తోడుగా ఉంచమన్నారు.

ఇప్పుడు ఆ పెద్దరాయి ముతక పొడిలో మూడవ వారంలో ఉన్నది. ఒక పక్క గుంట ఇంకా పోలేదు. మరో వారం తిప్పాలి.