రాత్రి షిఫ్టు పీసు ఏ తేదీ లెక్క?

సికింద్రాబాద్‌కు ఇనుము కోసే చప్పుడు కొత్త కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ నిజాం రైల్వే రోజుల్లో, 1893లో మొదలైంది. కవాడిగూడలో 1943లో ప్రాగా టూల్స్ పుట్టింది. లేతు, మిల్లింగు అన్న మాటలు ఇళ్లలో మామూలుగా వినపడే ఊరిది. నేను చూడబోయింది మాత్రం అంత పెద్ద సంస్థ కాదు. మౌలాలి పారిశ్రామికవాడలో 14 సీఎన్‌సీ మెషీన్లున్న ఒక షెడ్డు. పంపులకు, వాల్వులకు కావలసిన భాగాలు చేసిస్తారు. యజమాని పేరు రాయొద్దన్నారు, రాయను.

మెషీన్ల లెక్కనూ ఆఫీసు లెక్కనూ కలిపే పని అక్కడ ఆర్నెల్లుగా జరుగుతోందని విని వెళ్లాను. ఏ మెషీన్ ఎంతసేపు తిరిగింది, ఎందుకు ఆగింది, ఎన్ని పీసులు దిగాయి అన్నది చూపే సాఫ్ట్‌వేర్ ఒకటి. ఆర్డర్లు, ముడిసరుకు, కొనుగోళ్లు, బిల్లులు చూసే ఈఆర్‌పీ ఇంకొకటి. ఇన్నాళ్లూ ఆ రెండింటి మధ్య వారధి ఒక గుమాస్తా. నూనె మరకల జాబ్ కార్డులు ముందేసుకుని, నిన్నటి ఉత్పత్తిని ఇవాళ టైపు చేసేవాడు.

తీగ కలపడం పెద్ద పని కాలేదట. కొత్త మెషీన్లు ఓపీసీ యూఏ పద్ధతిలో తమ సంగతులు తామే చెబుతాయి. పాతవాటికి ఆ నోరు లేదు. వాటి నెత్తిన ఉండే టవర్ లైటులో పచ్చదీపం తీగకు చిన్న రిలే తగిలించి, దీపం వెలిగిన సమయాన్ని పట్టుకున్నారు. అసలు చిక్కు తర్వాత వచ్చింది. దాన్ని ఫోర్‌మన్ ఒక పాత నోట్‌బుక్ తెరిచి చూపించారు.

ఒక రోజు ఒక మెషీన్ కౌంటర్ 212 చూపింది. కలిపిన కొత్తలో ఆ అంకె నేరుగా ఈఆర్‌పీలోకి వెళ్లింది. అది 212 పీసులు తయారైనట్టు రాసుకుని, స్టోర్స్‌లో 212 కాస్టింగులు తగ్గించేసింది. కానీ ఆ 212లో 2 సార్లు జాబ్ పెట్టకుండా ప్రోగ్రాం సరిచూసుకోవడానికి తిప్పారు. 5 సార్లు, కొలత తేడా వచ్చిన పీసుల్నే మళ్లీ ఎక్కించారు. 3 సెట్టింగ్‌లో పోయాయి, 4 రిజెక్ట్ అయ్యాయి. మంచివి 198. వాడిన కాస్టింగులు 205. అంటే ఈఆర్‌పీ పుస్తకంలో లేని 7 కాస్టింగులు ర్యాక్‌లో ఉన్నాయి. పుస్తకంలో ఉన్న 14 పీసులు ఎక్కడా లేవు. రోజూ ఇలాగే సాగితే, ఉన్న సరుకునే మళ్లీ కొనమని ఈఆర్‌పీ చెబుతుంది, లేని సరుకును ఇస్తామని సేల్స్ వాళ్లు మాటిస్తారు.

"మెషీన్ అబద్ధం చెప్పలే సార్," అన్నారు ఫోర్‌మన్. "అది తిరిగినన్ని సార్లు లెక్కపెట్టింది. మనమే దాన్ని పీసు అనుకున్నం."

ఈ ఒక్క మాట కోసం మళ్లీ మౌలాలి దాకా వెళ్లమన్నా వెళ్తాను. ఈ లెక్కల వెనకున్న పద్ధతులు కొత్తవేం కావు. కొనవలసిన సరుకును కంప్యూటర్‌తో లెక్కగట్టే పద్ధతిని జోసెఫ్ ఆర్లికీ అనే అతను 1964లో అమెరికాలో రూపొందించాడు. ఆఫీసు వ్యవస్థకూ షాపు వ్యవస్థకూ మధ్య ఏ సమాచారం ఎలా నడవాలో చెప్పే ఐఎస్ఏ-95 ప్రమాణం మొదటి భాగం 2000లో వచ్చింది. అది మంచి, చెడు పీసులను వేరుగా పంపడానికి చోటిస్తుంది. ఏది మంచిదో తేల్చేది మాత్రం జాబ్‌ను చేత్తో పట్టుకుని కొలిచిన మనిషే.

తేదీ తగువు ఇంకొకటి. ఫ్యాక్టరీకి రోజు ఉదయం 6కు మొదలై మర్నాడు 6కు ముగుస్తుంది. కంప్యూటర్‌కు అర్ధరాత్రే తేదీ మారిపోతుంది. మార్చి 31 రాత్రి షిఫ్టులో ఒంటిగంటకు దిగిన పీసు ఏ ఆర్థిక సంవత్సరానిది? పని గంటల విషయంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ఈ ప్రశ్నను ముందే ఆలోచించింది. అర్ధరాత్రి దాటాక చేసిన గంటలను ముందు రోజు కిందే లెక్కించాలని 57వ సెక్షన్‌లో రాశారు. ఈ షెడ్డులో ప్రతి పీసుకూ షిఫ్టు తేదీ ఒకటి, గడియారపు సమయం ఒకటి, రెండూ ఉంచారు. నెట్‌వర్క్ పోయి వస్తే ఒకే లెక్క రెండుసార్లు పడకుండా ప్రతి సందేశానికీ ఒక నంబరు వేశారు. ఈ పనంతా పాలిటెక్నిక్ చదివిన ఒక అమ్మాయి చేసింది. "చెప్పమ్మా, నువ్వే చెప్పు" అని ఫోర్‌మన్ పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చారు.

మెషీన్ ఆగితే కారణం నొక్కడానికి తెరమీద మొదట 23 బటన్లు పెట్టారట. అందరూ 'ఇతరము' నొక్కేవారు. ఇప్పుడు 7 ఉన్నాయి. ఏవి ఉండాలో ఆపరేటర్లే కూర్చుని తేల్చారు.

"మొదట్ల భయమైంది సార్," అన్నాడు ఒక ఆపరేటర్. "మెషీన్ ఆగితే నా మీదికే వస్తదనుకున్న. ఇన్‌సర్ట్ లేక ఆగిందా, క్రేన్ దొరకక ఆగిందా, ఎవలడుగుతరు? ఇప్పుడు గది గుడ రాసుంటది."

ఈ షెడ్డులో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. షిఫ్టు లెక్క ఆఫీసుకు వెళ్లేముందు ఆపరేటర్‌కు కనపడుతుంది. అతను చూసి, దిద్ది, సరే అన్నాకే ఈఆర్‌పీలోకి పోతుంది. తన పనికి అంకె వేస్తున్నప్పుడు దాన్ని ముందుగా చూసే హక్కు ఆ పని చేసినవాడిదే. అదనంగా పట్టే రెండు నిమిషాలను దండగ అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

రాత్రి 10కి షిఫ్టు మారింది. దిగిపోతున్న కుర్రాడు తెరముందు నిలబడి, రిజెక్షన్ 3 అన్నచోట 4 చేసి, సరే నొక్కాడు. కాసేపటికి స్టోర్స్ ఆయన తన తెర చూసుకుని ర్యాక్ దగ్గరికి వెళ్లారు. కాస్టింగులు ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టారు. తెరమీద 318, ర్యాక్‌లో 317. ఆయన టార్చి తీసుకుని తనిఖీ బల్ల కిందికి వంగారు.