ఏటివాలు లెక్క

30 అక్టోబర్ 2024, బుధవారం. సిరొంచ.

మంచిర్యాలలో రైలు దిగి, పెట్టెలో సర్దిన సైకిలును బస్సు మీదికి ఎక్కించి, ప్రాణహిత వంతెన దాటి ఇల్లు చేరాను. బస్సు ఎక్కడం కష్టం కాలేదు, దిగడానికే తొడలు ఒప్పుకోలేదు. కడ్డీ పట్టుకుని ఒక పక్కకు తిరిగి మెట్టు మెట్టూ దిగుతుంటే, వెనక ఉన్న పెద్దమ్మ "మెల్లగ దిగు బిడ్డా, ఎవలు తరుముతలేరు" అంది.

మరిచిపోకముందే ఆదివారం పోటీ లెక్క రాసుకోవాలి. గోవాలో మిరామార్ తీరం. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. నాకు పట్టింది 8 గంటల 11 నిమిషాలు, గడువు ఎనిమిదిన్నర గంటలు. ఒక్క ఈతకే 66 నిమిషాలు పట్టింది. 70 దాటితే అక్కడే ఆపేసేవాళ్లు. మెడలో పతకం పడ్డాక కూడా ఆ నాలుగు నిమిషాలే కళ్లముందు తిరుగుతున్నాయి.

అవ్వ ఏమీ అడగలేదు. చేపల పులుసు, అన్నం పెట్టి, నా ఎడమ బొటనవేలి గోరు నల్లబడిందని చూసి వేణ్నీళ్లు తెచ్చింది.

2 నవంబర్, శనివారం

బడికి దీపావళి సెలవులు. ఇంకా గడప దిగాలంటే గోడ పట్టుకోవలసిందే. పరుగులో అడుగు పడిన ప్రతిసారీ తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి. అలా వేల అడుగులు పడేసరికి పోగులు సన్నసన్నగా చిట్లుతాయి. అందుకే నొప్పి ఆ రోజు కన్నా రెండో నాడు, మూడో నాడు ఎక్కువ. ఒంట్లో ఖర్చయిన పిండిపదార్థం ఒకటి రెండు రోజులు బాగా తింటే నిండుతుంది. చిట్లిన పోగులకు మాత్రం వారాలు కావాలి. నొప్పి పోయింది కదా అని కండరం కుదిరిందనుకోవడమే పొరపాటు.

మంచం మీద కాళ్లు చాపుకుని ఉంటే మా తాలూకాలోని పోచంపల్లి గుర్తొచ్చింది. 1961లో అక్కడ తవ్విన రాక్షసబల్లికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. అది టాగోర్ శతజయంతి ఏడు. బరపా అంటే పెద్ద కాలు. తొడ ఎముకే దాదాపు 1.7 మీటర్లు, నా ఎత్తు కన్నా ఎక్కువ. ఆ అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ఉంది. బడి తెరిచాక పిల్లలకు ఆ ఎముక పొడవు నేల మీద సుద్దతో గీసి చూపించాలి.

15 నవంబర్, కార్తీక పౌర్ణమి

అవ్వతో దీపాలు వదలడానికి రేవుకు వెళ్లాను. అవతల కాళేశ్వరంలో జనం కిటకిటలాడి ఉంటారు. నాయిన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లు ఈ నీళ్ల మీద వల వేసిన మనిషి. సముద్రంలో ఎందుకంత ఆలస్యమైందని మొదటిసారి అడిగాడు. ఇక్కడ అంతే దూరం 46 నిమిషాల్లో ఈదేదాన్నని చెప్పాను.

"యాడికెల్లి యాడికి?"

"రేవు కాడికెల్లి కిందికి. ఇసుకల ఒడ్డెక్కి నడుసుకుంట వచ్చేదాన్ని."

"ఏటివాలుకు ఈదినవ్ బిడ్డా. ఇరువై నిమిషాలు ఏరు ఈదింది, నువ్వు కాదు."

ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూశాను. నిజమే. 2019లో మేడిగడ్డ దగ్గర గోదావరికి అడ్డంగా బ్యారేజీ కట్టాక, దాని వెనక నీరు ప్రాణహితలోకి ఎగదన్ని మా రేవు ముందు చెరువులా నిలిచేది. నిరుడు అక్టోబర్‌లో అక్కడ స్తంభాలు కుంగాక గేట్లు ఎత్తేశారు, ఏరు మళ్లీ కదిలింది. నేను సాధన మొదలుపెట్టింది ఈ జనవరిలో. కదిలే నీళ్లలో ఈదుతూ, పది నెలలు ఆ వేగం నాదేననుకున్నాను. కొంచెం ఏడుపొచ్చింది. నాయిన మీద కోపం మాత్రం రాలేదు.

21 నవంబర్, గురువారం

నిన్న పోలింగు. ఎన్నికల పనితో రెండు రాత్రులు సరిగా నిద్రలేదు. లేవగానే నాడి చూసుకుంటే 63. మామూలుగా 54 ఉంటుంది, గోవా నుంచి వచ్చిన వారం 66, పౌర్ణమి నాటికి 55కు దిగింది. కిలోమీటరు కూడా పరుగెత్తకుండానే మళ్లీ పెరిగింది. అలసట పరుగుదైనా ఎన్నికల పనిదైనా గుండెకు ఒకటేనన్నమాట. రేపటి సైకిలు మానుకున్నాను.

4 డిసెంబర్, బుధవారం

చీకటి విడవకముందే నాయిన ఒడ్డు వెంబడి ఎగువకు నూరు మీటర్లకొకటి చొప్పున ఐదు గుంజలు పాతాడు. నడుముకు నారింజ రంగు బుడగ కట్టుకుని మొదటిసారి ఎదురు ఈదాను. సుడి ఎక్కడ తిరుగుతుందో, ఒడ్డు పక్కన నీళ్లు ఎక్కడ నెమ్మదిస్తాయో పడవ మీంచి చెబుతూ వచ్చాడు. చేయి ఒక్క క్షణం ఆగితే గుంజ ముందుకు జరిగిపోతుంది.

ఏడున్నర కావస్తుండగా ఒడ్డెక్కి కూర్చున్నాను. కాళ్లు వణికాయి. అలసటే అనుకున్నాను. నాయిన పడవలోంచి "నేల కదులుతున్నది" అని అరిచాడు. కట్టేసిన బర్రెలు లేచి నిలబడ్డాయి. ములుగు జిల్లాలో మేడారం వైపు భూకంపం, తీవ్రత 5.3 అని తరవాత తెలిసింది. ఊళ్లో అందరం బాగానే ఉన్నాం.

3.8, 180, 42.2. గోవా దూరాలకు రెట్టింపైన ఈ మూడు అంకెలూ నా మనసులో ఉన్నాయి, దాచుకోను. కానీ 2025లో వాటి జోలికి వెళ్లను. వచ్చే ఏడూ సగం దూరమే, ఈత 55 నిమిషాల్లోపు. సైకిలు వారానికి రెండు రోజులు, అసరెల్లి దారిలో. పరుగు సంక్రాంతి దాకా పది కిలోమీటర్లు మించకూడదు. హైదరాబాదు గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని 2021లో పాక్ జలసంధి దాటింది. నాకు ముప్పై ఎనిమిదే.

ఈరోజు రెండో గుంజ దాకా వెళ్లాను. తొమ్మిది నిమిషాలు. మూడోది శివరాత్రి లోపల. రేపు నీళ్లలో దిగేది లేదు, నాయిన ముందే చెప్పాడు.