విస్లర్ కొండ మీద పెడల్ పంచాయితీ

శనివారం ఉదయం తొమ్మిదిన్నర. విస్లర్ బైక్ పార్క్ దగ్గర పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి, నేల మీద కూర్చుని, ముందు పెట్టుకున్న రెండు జతల పెడల్స్ వైపు చూస్తున్నా. ఒక జత ఫ్లాట్. అరచెయ్యంత వెడల్పు, పైన మేకుల్లాంటి చిన్న చిన్న పిన్నులు. రెండో జత క్లిప్‌లెస్. గుప్పెట్లో పట్టేంత చిన్నవి, మధ్యలో స్ప్రింగ్. బూటు కింద ఉండే ఇనప ముక్క అందులో టక్కున కూర్చుంటే కాలు ఇక పెడల్‌ని వదలదు.

పోయిన సెప్టెంబర్‌లో నా ఎడమ మణికట్టు విరిగింది ఈ రెండో జత మీదే. తొమ్మిది నెలల తర్వాత ఇదే మొదటిసారి మళ్లీ కొండ ఎక్కడం. ఏ జత బిగించాలో తేలట్లేదు.

ఇక్కడికి ఎందుకొస్తారంటే...

విస్లర్ కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో ఉంది. వాంకూవర్ నుంచి 120 కిలోమీటర్లు. హైవే 99కి 'సీ టు స్కై' అని ఊరికే పేరు పెట్టలేదు. ఎడమ పక్క హౌ సౌండ్ సముద్రపు పాయ, కుడి పక్క కొండ, మధ్యలో స్క్వామిష్ దగ్గర దాదాపు 700 మీటర్ల ఎత్తున నిలువుగా లేచిన గ్రానైట్ గుట్ట. ఈ దారిలో నా ప్లేలిస్ట్ ఎప్పుడూ పూర్తిగా వినలేదు, కిటికీలోంచి చూడ్డమే సరిపోతుంది.

చలికాలంలో ఇది మంచు మీద జారేవాళ్ల కొండ. 2010 వింటర్ ఒలింపిక్స్‌లో కొన్ని పోటీలు ఇక్కడే జరిగాయి. ఎండాకాలం వస్తే అదే లిఫ్ట్‌లు సైకిళ్లని పైకి మోస్తాయి. తొక్కుతూ ఎక్కే పని లేదు. మనం చేయాల్సిందల్లా దిగడమే. వినడానికి ఈజీగా ఉంటుంది. చెట్ల వేళ్లు, బండరాళ్లు, గాల్లోకి లేపే మట్టి దిబ్బలు చూశాక ఆ మాట అనరు. దారులకి గుర్తులుంటాయి: ఆకుపచ్చ వృత్తం కొత్తవాళ్లకి, నీలం చతురస్రం కొంచెం వచ్చినవాళ్లకి, నల్ల డైమండ్ బాగా వచ్చినవాళ్లకి. అదృష్టం బాగుంటే లిఫ్ట్ మీంచి కింద గడ్డి మేస్తున్న నల్ల ఎలుగుబంటి కూడా కనిపిస్తుంది.

నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది హైదరాబాద్‌లో మా ఇంజినీరింగ్ కాలేజీ సీనియర్. వరంగల్ అన్న. ఆరేళ్లుగా వాంకూవర్‌లో ఉంటున్నాడు, క్లిప్స్ తప్ప వేరేది తొక్కడు. ఆ రెండో జత కూడా ఆయన పాతవే. "ఏం గాదు తమ్మీ, వారం రోజులల్ల అలవాటైతది" అని ఇచ్చాడు.

పేరులోనే తిరకాసు

కాలు క్లిప్ అయ్యే పెడల్‌ని క్లిప్‌లెస్ అనడమేంటని మీకూ అనిపించి ఉంటుంది. పాతకాలం రేసు సైకిళ్లకి పెడల్ ముందు చిన్న పంజరం, దానికి తోలు పట్టీ ఉండేవి. ఆ పంజరం పేరే టో క్లిప్. 1984లో ఫ్రాన్స్‌కి చెందిన లుక్ కంపెనీ, మంచు మీద జారే స్కీ బూట్లని పట్టి ఉంచే పద్ధతిని సైకిల్‌కి తెచ్చింది. పంజరం పోయింది కాబట్టి క్లిప్‌లెస్ అయింది. మరుసటి ఏడాది బెర్నార్ ఇనో ఆ పెడల్స్‌తోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. 1990లో షిమానో మట్టిదారుల కోసం ఎస్‌పీడీ తెచ్చింది. బూటు అడుగున లోతుగా బిగించే చిన్న క్లీట్ కావడంతో, దిగి నడిచినా ఇబ్బంది లేదు.

కాలు బయటికి రావాలంటే మడమని పక్కకి తిప్పాలి. అసలు చిక్కు ఇక్కడే. భయమేస్తే మనిషి కాలు తిప్పడు, పైకి లాగుతాడు.

నాకు మొదటి పాఠం ఈ పార్కింగ్‌లోనే అయింది. బ్రేక్ వేసి ఆగా, కాలు లాగా, రాలేదు. అరటి చెట్టు ఒరిగినట్టు నెమ్మదిగా పక్కకి పడిపోయా. అన్న నవ్వాడు, నేనూ నవ్వా. రెండో పాఠంలో నవ్వు లేదు. నీలం దారి, ముందురోజు వాన, మలుపులో తడిసిన వేరు. ముందు చక్రం జారింది. ఫ్లాట్ అయితే కాలు దానంతటదే నేలకి ఆనేది. ఇక్కడ కాలు పైకి లాగా, సైకిల్ కూడా కాలితోపాటే వచ్చింది. మొత్తం బరువు ఎడమ చేతి మీద పడింది.

ఆరు వారాలు పిండికట్టు. ఒంటి చేత్తో కోడ్ రాశా. అంతకంటే కష్టమైన పని, తెనాలిలో ఉన్న అమ్మకి తెలియకుండా వీడియో కాల్స్ చేయడం. ఎడమ చెయ్యి ఎప్పుడూ టేబుల్ కిందే. మూడో ఆదివారం దొరికిపోయా.

"ఏరా నాన్నా, ఒకసారి రెండు చేతులూ చూపించు."

చూపించా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగిన ప్రశ్న ఒక్కటే. "కాళ్లు కట్టేసుకుని కొండ దిగడం ఏంట్రా?"

నా దగ్గర సమాధానం లేదు.

మరి క్లిప్స్ ఎందుకు?

నిజానికి సమాధానం ఉంది. పూర్తి వేగంతో రాళ్ల మీద దిగుతున్నప్పుడు సైకిల్ కింద డ్రిల్లింగ్ మెషీన్ పెట్టినట్టు ఉంటుంది. ఆ అదురుకి ఫ్లాట్ మీద పాదం ఎగిరిపోవచ్చు. క్లిప్‌లో అయితే పాదం ఎక్కడ పెట్టామో అక్కడే ఉంటుంది, మధ్యలో రెండు తొక్కులు తొక్కాల్సి వచ్చినా జారదు. వరల్డ్ కప్ డౌన్‌హిల్‌లో ఎక్కువమంది క్లిప్సే వాడేది ఇందుకే.

అలాగని ఫ్లాట్ పనికిరాదనలేం. ఆస్ట్రేలియాకి చెందిన శామ్ హిల్ ఫ్లాట్ పెడల్స్ మీదే 2006, 2007, 2010లో డౌన్‌హిల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తర్వాత ఎండ్యూరో వరల్డ్ సిరీస్‌కి మారి 2017, 2018, 2019లో వరసగా మూడుసార్లు టైటిల్ కొట్టాడు. అక్కడ ఎక్కడం కూడా ఉంటుంది. అంటే సమస్య పెడల్‌ది మాత్రమే కాదు, దాని మీద నిలబడే మనిషిది కూడా.

ఆ ఉదయం చివరికి ఫ్లాట్స్ బిగించా. ధైర్యంతో కాదు, భయంతోనే. (పెడల్ ఎటు బిగుస్తుందో గుర్తుండకపోతే ఒక చిట్కా: రెండు వైపులా పానాని ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది. ఎడమ పెడల్ మర రివర్స్ కాబట్టి ఈ లెక్క కుదురుతుంది.)

మూడు రౌండ్లు

మొదటి రౌండ్ 'ఈజీ డజ్ ఇట్'. ఆకుపచ్చ దారి. చిన్నపిల్లలు నన్ను దాటుకుని వెళ్లిపోయారు. పర్లేదు. ప్రతి మలుపులో లోపలి కాలు కొంచెం బయటపెట్టి చూసుకున్నా. వస్తోంది. ఆ ఒక్క విషయంతో భుజాలు వదులయ్యాయి.

రెండో రౌండ్ 'బి-లైన్'. నీలం. మలుపుల ముందు అందరూ బ్రేకులు వేసి వేసి నేలంతా గతుకులు. మూడో గతుకులో కుడి పాదం ఎగిరింది, పెడల్ గిర్రున తిరిగి పిన్నులు ముంజంగాలికి తగిలాయి. నాలుగు ఎర్రటి గీతలు. ఫ్లాట్ కూడా ఫీజు తీసుకుంటుంది, కాకపోతే ఎముక అడగలేదు.

పక్కకి ఆగి ఆలోచించా. పాదం ఎందుకు ఎగిరింది? మడమ పైకి లేచి ఉంది, బరువంతా చేతుల మీద ఉంది. క్లిప్స్‌లో కూడా నేను ఇలాగే నిలబడి ఉంటా. స్ప్రింగ్ పట్టుకుంది కాబట్టి తెలియలేదు. కోడ్‌లో ఎర్రర్ మెసేజ్‌ని ఆపేస్తే బగ్ పోదు కదా, కనపడదంతే.

మూడో రౌండ్‌లో మడమలు కిందికి దించి, మోకాళ్లు వదులుగా, చేతులు తేలిగ్గా పెట్టి అదే దారి దిగా. పాదాలు కదల్లేదు. వేగం కూడా పోయిన ఏడాదికంటే తక్కువేమీ అనిపించలేదు.

మధ్యాహ్నం అన్న నా సైకిల్ అడిగి ఒక రౌండ్ తిప్పాడు. దిగొచ్చి బూటు వైపు చూసుకుంటూ, "పాదం ఒక్కకాడ ఉంటలేదురా. ఇన్నేండ్లు స్ప్రింగే పట్టుకుందన్నట్టు" అన్నాడు. అయినా తన క్లిప్స్ ఆయన మార్చడు. ఆయన రేసులకి వెళ్తాడు, ఆరేళ్ల అలవాటు, కాలు తిప్పడం ఆలోచించకుండానే జరిగిపోతుంది. ఆయనకి అదే కరెక్ట్.

మీరు అడిగితే నా మాట ఇది. కొత్తగా డౌన్‌హిల్‌కి వస్తే కనీసం ఒక సీజన్ ఫ్లాట్స్ మీద తొక్కండి. మామూలు రన్నింగ్ షూ కాదు, అడుగు చదునుగా, రబ్బరు మెత్తగా పట్టేలా ఉన్నవి వేసుకోండి. ముంజంగాళ్లకి గార్డులు మర్చిపోవద్దు. తర్వాత క్లిప్స్‌కి మారాలనిపిస్తే స్ప్రింగ్ టెన్షన్ బాగా తగ్గించి, గడ్డి మీద వందసార్లు కాలు తీసి పెట్టి, అప్పుడు కొండెక్కండి. నేను ఆ వందా ఎగ్గొట్టి వచ్చినవాణ్ణి.

రాత్రి అమ్మకి ఫోన్ చేశా. ఈసారి తనడక్కముందే కెమెరా కాలి వైపు తిప్పి గీతలు చూపించా. కాళ్లు కట్టేసుకోవట్లేదని, ఎక్కడ కావాలంటే అక్కడ నేలకి ఆనించొచ్చని చెప్పా.

"చిన్నప్పుడు తాతయ్య సైకిల్ హవాయి చెప్పులతోనేగా తొక్కావు, అప్పుడెవరు కట్టారు?" అంది. సీటు అందక ఫ్రేము సందులోంచి కాలు దూర్చి కాలవ గట్టున తొక్కిన రోజులు నాకంటే తనకే బాగా గుర్తు.

పసుపు రాయమంది. పెట్టేసే ముందు ఇంకో మాట అంది.

"పడితే పడ్డావు గానీ, దాచకురా."